ఊరు మెచ్చిన బొంగురు గొంతు

మా నాన్న గొంతులో జబ్బు పుట్టినప్పుడు బెజవాడ ఊరు ఊరంతా దాన్ని మెచ్చుకుంది. ఈ మాట ఎవరితో అన్నా, పిల్ల ఏదో కోపంలో అంటోందనుకుంటారు. కోపంలోనే అంటున్నాను. కానీ జరిగింది మాత్రం అదే.

నాన్న సినిమాలకి మైకు పట్టేవాడు. రిక్షాకి రెండు పక్కలా బొమ్మలు అంటించిన అట్టలు, పైన రెండు బాకాలు, సీటు కింద బ్యాటరీ, కాళ్ళ దగ్గర ఆంప్లిఫయరు. నాన్న లోపల కూచుని, రిక్షా తొక్కే ఆయన వీపుకేసి చూస్తూ ఊరందరితో మాట్లాడేవాడు. "నేడే చూడండి. మీ అభిమాన థియేటర్లో, రోజూ మూడు ఆటలు." పొద్దున గాంధీనగరంలో బయల్దేరితే వన్‌టౌను సందులన్నీ తిరిగి సాయంత్రానికి భవానీపురంలో మా ఇంటి ముందు నుంచి వెళ్ళేవాడు. కొత్త బొమ్మ వస్తే థియేటరువాళ్ళు అద్దె జీపు ఇచ్చి గన్నవరం దాకా పంపేవాళ్ళు.

నేను ఎనిమిదో తరగతి దగ్గర బడి ఆపేసి, వరండాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. రిక్షా మా సందులోకి తిరిగేసరికి అమ్మ అన్నం పొయ్యి మీద పెట్టేది. గడియారం మా ఇంట్లో లేదు, అవసరమూ లేకపోయింది.

నాన్న అసలు గొంతు ఎలా ఉండేదంటే, స్టీలు గిన్నె మీద చెంచాతో కొట్టినట్టు ఖంగుమనేది. ఒక్కో మాట విడివిడిగా వినపడేది. అలాంటి గొంతుని ఎవరైనా మెచ్చుకున్నారా అంటే, లేదు. కుళాయిలో నీళ్ళొస్తే ఎవరైనా మెచ్చుకుంటారా. అలాగే.

ఓ ఏడాది మామిడికాయలు కోతకొచ్చే రోజుల్లో ఆ గొంతు బొంగురుపోయింది. ముందు జలుబన్నారు. తర్వాత ఆవకాయ అన్నారు. ఇంతలో థియేటరు మేనేజరు విన్నాడు. ఆయన తెల్లచొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని తిరిగేవాడు, ఒక్కదాంతోనూ రాయగా నేను చూడలేదు.

"ఇదీ గొంతంటే," అన్నాట్ట. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా దీన్ని? ఫైటింగు బొమ్మలకి ఈ గొంతే కావాలి. నువ్వు 'కత్తియుద్ధాలు' అంటే నాకే ఒళ్ళు జలదరించింది."

అంతే. ఆ వారంలో ఇంకో రెండు థియేటర్లవాళ్ళు ఇంటికొచ్చి నాన్నని అడిగారు. సందుల్లో పిల్లలు గొంతు బిగబట్టి నాన్నలాగా "నేడే చూడండి" అని అరుచుకుంటూ రిక్షా వెనకాల పరిగెత్తేవాళ్ళు. కిళ్ళీ బడ్డీ దగ్గర నాన్న కనిపిస్తే చాలు, పనీపాటా లేని మగాళ్ళు చుట్టూ చేరి, "బాబాయ్, ఒక్కసారి అనవా, ఆ డైలాగు" అని అడిగేవాళ్ళు. అన్నాక చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒకడు సిగరెట్టు ఇచ్చేవాడు, ఇంకొకడు అగ్గిపుల్ల గీసేవాడు. వీళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మనిషి గొంతులో పుండు మాట్లాడుతుంటే విని, ఇంకోసారి మాట్లాడమని అడిగి, దానికి పొగ కూడా పెట్టినవాళ్ళు.

నాన్న సంగతి చెప్పకపోవడం అన్యాయం. ఆయన పొంగిపోయాడు. అంతకుముందు సందు మొదట ఒకటి, సందు చివర ఒకటి సిగరెట్టు తాగే మనిషి, ఇప్పుడు సందు మధ్యలో కూడా ముట్టించడం మొదలెట్టాడు. అమ్మ వద్దంటే, "సాన పడుతున్నానే గొంతుకి. కత్తికి సాన పట్టొద్దా?" అనేవాడు. రాత్రిపూట గొంతు తడుపుకోవడానికని ఒక సీసా కూడా వచ్చి చేరింది. పొద్దంతా సాన, రాత్రి తడి. మా ఇంట్లో గొంతుకి జరిగినంత సేవ మనుషులెవరికీ జరగలేదు.

గొంతు తగ్గకపోయేసరికి ఇంటికొచ్చిన ప్రతివాడూ వైద్యుడయ్యాడు. ఒకరు కరక్కాయ బుగ్గన పెట్టుకోమన్నారు. ఒకరు మిరియాల పాలన్నారు. సందు చివర ఇంజక్షన్ల డాక్టరు, ఏ రోగానికైనా ఒకటే సూది పొడిచే ఆయన, ఓ పొడుపు పొడిచి "మైకు పట్టేవాళ్ళకి గొంతు ఇలాగే ఉంటుంది, భయం లేదు" అని ధైర్యం చెప్పాడు. ఆయన ధైర్యం ఎప్పుడూ అలా ధారాళంగా ఉండేది, జబ్బు ఆయనది కాదుగా.

అందరికంటే మా మేనత్త ఒక మెట్టు ఎక్కువ. నాన్నకి అక్క, గుణదలలో మేరీమాత కొండ కిందే ఇల్లు. ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక గొడుగేసుకుని వచ్చి, తాంబూలం నములుతూ కూచుంది.

"ఒరే తమ్ముడూ, నీ గొంతుకి దిష్టి తగిలిందిరా. ఊరంతా ఒకటే పొగడ్తాయె. మేరీమాతకి మొక్కుకున్నాను. తిరనాళ్ళకి కొండెక్కి గుండు చేయించుకుంటే సరి."

"ఎవరికత్తా గుండు?" అన్నాను మిషను తొక్కుతూనే.

"ఇంకెవరికే, మీ నాన్నకి."

"మొక్కుకుంది నువ్వు కదా."

"నోర్మూసుకో పిల్లా. నా జుట్టు తీస్తే ఆడి గొంతు ఎట్టా బాగవుద్ది?"

 దీనికి జవాబు మేరీమాత దగ్గర కూడా ఉండదనుకుంటా.

అందరూ చెప్పిన మాట మాత్రం ఒకటే. అరిచి అరిచి గొంతు పోయింది, అరిచేవాడికి పోక ఏమవుతుంది. వినడానికి ఎంత బాగుందో చూడండి. లెక్క సరిపోయింది, ఇంక ఎవరూ ఆలోచించక్కర్లేదు.

శ్రావణమాసం వానల్లో ఆంప్లిఫయరు తడిసి కాలిపోయింది. మరమ్మతు చేసేవాడు విప్పి చూసి, లోపలి సామాను మద్రాసు నుంచి రావాలన్నాడు. నాన్న ఇంట్లో కూచున్నాడు. మైకు లేదు, అరుపు లేదు. వరండాలో చాప పరుచుకుని తనతో తనే పేకాడుకుంటూ, అడిగినదానికి తల ఊపుతూ గడిపాడు. మూడు వారాలు దాటింది. గొంతు మారలేదు. మారకపోగా, ఓ పొద్దున నన్ను మంచినీళ్ళు అడిగితే, మాట సగం గాలిలోనే పోయింది.

అప్పుడు నాకు తట్టింది. ఇందులో గొప్ప తెలివేం లేదు. మిషను తొక్కి తొక్కి నాకు పిక్కలు లాగుతాయి. పండక్కి రెండు రోజులు మానేస్తే తగ్గిపోతాయి. మానేసినా తగ్గలేదంటే అది తొక్కినందుకొచ్చిన నొప్పి కాదు, ఇంకేదో. అరిచినందుకు పోయిన గొంతైతే, అరవడం మానేస్తే రావద్దా? ఇంతమంది పెద్దవాళ్ళు, ఇన్ని కరక్కాయలు, ఈ చిన్న లెక్క ఒక్కరూ వెయ్యలేదు.

"నాన్నా, పెద్దాసుపత్రికి పోదాం పద," అన్నాను.

"ఎందుకే?"

"గొంతు చూపించుకోడానికి."

"గొంతుకేం? బాగుంది. ఊళ్ళో అడుగు."

"ఊరికి బాగుంది. నీకు మింగుడు పడుతోందా?"

"పడుతోంది. పొద్దున ఇడ్లీలు తిన్లా?"

"నీళ్ళడిగితే సగం మాటే వచ్చింది."

"నువ్వు సగమే విన్నావు. ఆ మిషను మోత ఒకటి."

అమ్మ లోపల్నుంచి, "పోయి రారాదూ, దాని పోరు పడలేకపోతున్నా," అంది. మా అమ్మ ఎవరి పక్కా ఉండదు, పోరు తగ్గే పక్క ఉంటుంది.

నాన్న పేకముక్కలు సర్ది, నా వంక చూడకుండా అన్నాడు. "గొంతులో ఇనప ముక్క పెడతారంటనే. గీకుతారంట. గీకితే ఈ గొంతు పోద్ది. ఇంత కాలం మైకులో అరిచాను. ఒక్కడన్నా తల తిప్పి చూశాడా? ఇప్పుడు రిక్షా ఆపి మరీ వింటున్నారు. ఇది పోగొట్టుకోమంటావా?"

అప్పుడు నాకు ఆయన మీద జాలి వేసింది, అంతలోనే కోపం వచ్చింది. ఆ కిళ్ళీ బడ్డీ వెధవలు చప్పట్లు కొట్టారని, ఆ చప్పట్ల కోసం ఈయన ప్రాణం మీదకి తెచ్చుకుంటున్నాడు. ఎంత చెప్పినా కదల్లేదు. రేపన్నాడు. ఎల్లుండన్నాడు. పౌర్ణమి పోనీ అన్నాడు, మాకు పౌర్ణమితో ఏం పనో నాకు తెలీదు.

ఇంతలో ఆంప్లిఫయరు బాగుపడి వచ్చింది. మర్నాడు పొద్దున రిక్షా ఇంటి ముందు నిలబడింది, బాకాలు బిగించారు, నాన్న లోపల చొక్కా తొడుక్కుంటున్నాడు. నేను వెళ్ళి రిక్షాలో కూచుని మైకు తీసుకున్నాను. ఎన్నేళ్ళుగానో చూస్తున్నదే, ఏ మీట తిప్పాలో నాకు తెలుసు.

"నేడే చూడండి," అన్నాను. నా గొంతు బాకాలోంచి వచ్చేసరికి నాకే భయమేసింది, కానీ ఆపలేదు. "భవానీపురం ప్రజలారా, నేడే చూడండి. ఊరందరినీ భయపెట్టే మైకాయన, డాక్టరు దగ్గర నోరు తెరవడానికి భయపడి ఇంట్లో దాక్కున్నాడు. కత్తియుద్ధాలు లేవు. ఫైటింగులు లేవు. ఆడవాళ్ళకి ప్రత్యేక స్థలం కలదు, వచ్చి చూడండి. రోజూ మూడు ఆటలు."

సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎదురింటావిడ చేట చేత్తో పట్టుకునే వచ్చింది. పనికి పోతున్నవాళ్ళు సైకిళ్ళు దిగారు. అమ్మ గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు.

నాన్న ఒక చెయ్యి చొక్కాలో, ఒక చెయ్యి బయట పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఆపవే. బ్యాటరీ అయిపోద్ది," అన్నాడు. పరువు సంగతి ఎత్తకుండా బ్యాటరీ సంగతి ఎత్తాడు. అదీ మా నాన్న.

"ఆసుపత్రికి వస్తావా, రెండో ఆట మొదలెట్టనా?"

ఆ రిక్షాలోనే వెళ్ళాం, బొమ్మలూ బాకాలూ వేసుకుని.

గొంతు డాక్టరు గదిలో బల్ల మీద స్పిరిటు దీపం వెలుగుతోంది. ఆయన నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని ఉన్నాడు. కుర్రాడే, కానీ విసుగు మాత్రం ముసలాడిది.

"ఎన్నాళ్ళైంది గొంతు మారి?"

"మామిడికాయలప్పటి నుంచండి," అన్నాడు నాన్న.

"ఇది సెప్టెంబరు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ?"

"పబ్లిసిటీ చేస్తున్నానండి."

డాక్టరు నవ్వలేదు. సిగరెట్లు ఎన్నని అడిగాడు, నాన్న తగ్గించి చెప్పాడు, నేను సరిచేశాను. మందు అలవాటుందా అంటే నాన్న గోడ మీద పటం చూశాడు, నేను ఉందన్నాను. మెడ రెండు పక్కలా వేళ్ళతో నొక్కి చూశాడు. నోరు తెరిపించి బుగ్గల లోపల, నాలిక కింద టార్చి వేశాడు. ఆ తర్వాత పొడుగాటి కాడ చివర పావలా బిళ్ళంత అద్దం ఉన్నది తీసి, దీపం మీద వెచ్చబెట్టి, తన చెయ్యి వెనక ఆనించి చూసుకున్నాడు, కాలకుండా. గుడ్డతో నాన్న నాలిక పట్టుకుని బయటికి లాగి అద్దం లోపల పెట్టాడు.

"'ఈ' అనండి."

ఊరందరితో మాట్లాడే మా నాన్న ఆ ఒక్క అక్షరం అనలేకపోయాడు. డోకొచ్చింది, కళ్ళనీళ్ళొచ్చాయి, డాక్టరు చెయ్యి పట్టుకుని లాగేశాడు. ఇనప ముక్క లేదు, గీకడం లేదు, చిన్న అద్దం. దానికే. మూడోసారికి వంకర టింకరగా "ఈ" వచ్చింది. డాక్టరు చాలాసేపు చూశాడు.

గొంతులో మాట పుట్టేచోట రెండు తీగల్లాంటివి ఉంటాయిట. అందులో ఒకదాని మీద చిన్న కండ లేచింది. ముక్క తీసి పరీక్షకి పంపాలన్నాడు. పంపాడు. వచ్చింది. కాన్సరు.

ఆ రోజు డాక్టరు చెప్పిన మాటలు నాకు బాగా గుర్తు, ఎందుకంటే నాన్న వినడం మానేసి నేల చూస్తున్నాడు, వినాల్సింది నేనే. ఆ తీగ మీద వస్తే మొదట్లోనే గొంతు మారి చెప్పేస్తుందిట. ఇంకాస్త పైనో కిందో వస్తే గొంతు కూడా మారదు, మెడలో గడ్డ కట్టాకో, ముద్ద దిగనప్పుడో తెలుస్తుంది, అప్పటికి ముదిరిపోతుంది. నోట్లో అయితే మానని పుండు, పోని తెల్ల మచ్చ. ఏదైనా సరే మూడు వారాలు చూసి, తగ్గకపోతే రావాలి. "మీకు అదృష్టవశాత్తూ గొంతు మారింది," అన్నాడు. "ఇంకా చిన్నదే. మద్రాసులో కరెంటు పెడతారు. గొంతు నిలుస్తుంది. ఇంకో ఏడాది ఇలాగే పబ్లిసిటీ చేసి ఉంటే గొంతు పెట్టె మొత్తం తీసేసి మెడకి రంధ్రం పెట్టాల్సొచ్చేది. సిగరెట్టు ముట్టుకున్నారంటే మాత్రం నా దగ్గరికి రాకండి."

"అంటే ఆ బొంగురు," అన్నాడు నాన్న నెమ్మదిగా, "ఆ గొంతు నాది కాదాండి?"

"కాదు. దానిది."

రిక్షాలో ఇంటికొస్తున్నాం. కిళ్ళీ బడ్డీ దగ్గర ఎవడో "బాబాయ్, డైలాగు" అన్నాడు. నేను రిక్షాలోంచి ఒక డైలాగు చెప్పాను. అది ఇక్కడ రాయకూడదు.

జబ్బు పేరు బయటికొచ్చిన దగ్గర్నుంచీ చూడాలి మన జనాన్ని. అత్త ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దంది. "రాచపుండు" అని చెవిలో చెప్పి, చెప్పినందుకు శిలువ గుర్తు వేసుకుంది. థియేటరు ముందు టీ బడ్డీవాడు నాన్నకి గాజు గ్లాసు మానేసి మట్టి ముంతలో పోశాడు, అంటుకుంటుందేమోనని. ఆ జబ్బు మాట్లాడుతున్నంత కాలం వాడే రోజూ గాజు గ్లాసులో టీ ఇచ్చి పక్కన కూచోబెట్టుకున్నాడు. అప్పుడు అంటుకోలేదు. మేనేజరు ఇంటికొచ్చి, పెన్నులు సర్దుకుని, "దేవుడున్నాడు" అనేసి వెళ్ళాడు. దేవుడి సంగతి సరే, మేనేజరు మళ్ళీ కనపడలేదు.

మద్రాసులో నాన్నకి తోడు నేనే ఉన్నాను. కరెంటు అంటే తీగలు తగిలించి షాకు కొడతారనుకుని నాన్న మొదటి రోజు వణికాడు. పెద్ద యంత్రం కింద పడుకోబెట్టారు, కాసేపు గుయ్యిమంది, అయిపోయింది. నొప్పి అప్పుడు కాదు, తర్వాత. మెడ మీద చర్మం మాడిన అట్టులా నల్లబడింది. ఉమ్మి ఊరలేదు, మజ్జిగన్నం కూడా ముళ్ళలా దిగేది. గొంతు పూర్తిగా పోయింది, కొన్నాళ్ళు సైగలే. సిగరెట్టు కోసం చేతివేళ్ళు వాటంతటవే కదిలేవి. నేను ఆ వేళ్ళ మధ్య దారం కండె పెట్టేదాన్ని, చుట్టుకుంటూ కూచునేవాడు. ఒకసారి వార్డు బయట ఎవడో పొగ తాగుతుంటే నాన్న గోడ పక్కకి చేరి పీల్చాడు. నేను చూశాను. చూశానని ఆయనకీ తెలుసు. ఆ పూట ఆయన చేతిలో రెండో కండె కూడా పెట్టాను.

చలికాలం మొదట్లో ఇంటికొచ్చాం. గొంతు కొద్దికొద్దిగా తేరుకుంది. ముందు గుసగుస, తర్వాత పలచగా, తర్వాత ఓ రోజు అమ్మ మీద విసుక్కుంటుంటే ఖంగుమంది. అమ్మ తిట్టించుకుంటూనే పొయ్యి దగ్గర కూలబడి కళ్ళు తుడుచుకుంది.

అదే వారం సందులోకి రిక్షా వచ్చింది. "నేడే చూడండి." నేను సూది ఆపేశాను. అదే బొంగురు. అదే గరగర. నాన్న నా ఎదురుగా చాప మీదే ఉన్నాడు.

కొత్త మైకువాడిని పెట్టారు. ముప్పై ఏళ్ళవాడు, సుబ్బరమైన గొంతున్నవాడు, కావాలని గొంతు నొక్కి నాన్నలాగా గీకుతున్నాడు. మేనేజరు చెప్పాట్ట, ఆ గొంతు అయితేనే జనం ఆగుతారని. జనం ఆగుతున్నారు కూడా. పిల్లలు వెనక పరిగెడుతున్నారు. నాన్న గొంతులోంచి డాక్టర్లు మాడ్చి పారేసిన దాన్ని ఈ ఊరు ఏరుకొచ్చి ఇంకొకడి గొంతులో పెట్టుకుంది.

నాన్న విని, "పదం దగ్గర ఆగడం తెలీదు వాడికి," అన్నాడు అంతే. పని అడగడానికి థియేటరుకి వెళ్తే మేనేజరు, "గొంతు బాగుపడ్డట్టుందే," అన్నాట్ట, దిగులుగా. "పస పోయిందయ్యా. చూద్దాం."

తిరనాళ్ళొచ్చాయి. అత్త మొక్కు ఉందిగా. గుణదల కొండ కింద జనం, కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ. నాన్నకి గుండు చేయించి అత్త తృప్తిగా ఊపిరి పీల్చుకుంది. మద్రాసు సంగతి ఆవిడ లెక్కలో లేదు. గుండు చెయ్యకముందే నయమైందిగా అత్తా అంటే, "ముందే తెలుసు మాతకి, మీ నాన్న వస్తాడని," అంది. ఆవిడతో ఎవరూ గెలవలేరు.

తప్పిపోయిన పిల్లల్ని పందిరి దగ్గర మైకులో చెప్తున్నారు. చెప్పేది ఎవరనుకున్నారు, ఆ కొత్తవాడే. "ఎర్ర గౌను... నాలుగేళ్ళ పాప..." అంటున్నాడు, బందిపోటు దొంగల బొమ్మకి చెప్పినట్టు. మేం పందిరి దగ్గరికి వెళ్ళేసరికి ఆ పాప బల్ల మీద కూచుని, తల్లి కోసం కాదు, వాడి గొంతుకే బెదిరి ఏడుస్తోంది. వాడు మళ్ళీ మొదలెట్టాడు. ఈసారి గొంతు గీకుడు కూడా లేదు, ఒట్టి గాలి వచ్చింది. రెండు రోజుల్నుంచీ అరుస్తున్నాట్ట. సోడా తాగాడు. మళ్ళీ గాలే.

పందిరిలో పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నాన్న గుండు మీద చందనం ఆరకుండానే వెళ్ళి మైకు తీసుకున్నాడు. "ఎర్ర గౌను, తెల్ల రిబ్బను, కుడికాలికి చెప్పు లేదు. పాప పేరు చెప్పలేకపోతోంది. పాప తాలూకు వాళ్ళు పందిరి దగ్గరికి రండమ్మా. పాప క్షేమంగా ఉంది." అరవలేదు. సాగదీయలేదు. స్టీలు గిన్నె మీద చెంచా.  ఆ గొంతు కొండ మెట్ల మీద దాకా వెళ్ళిందని ఎలా తెలిసిందంటే, ఆ తల్లి మెట్ల మీద నుంచే దిగి వచ్చింది. పస ఉందా లేదా అని ఆవిడ అడగలేదు.

కొత్తవాడు పందిరి గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. నేను దగ్గరికెళ్ళాను.

"ఎన్నాళ్ళైంది ఇలా?"

"ఇది నటనండి," అన్నాడు గుసగుసగా.

"ఇప్పుడు మైకు లేదుగా. మామూలుగా మాట్లాడు."

మాట్లాడాడు. బొంగురే. మొహం మారింది వాడికి.

"మూడు వారాలు నోరు మూసుకుని కూచో. సిగరెట్టు ముట్టుకోకు. వస్తే సరి. రాకపోతే భవానీపురం వచ్చి మిషను కుట్టే పిల్ల ఇల్లెక్కడని అడుగు."

"నా బువ్వ ఇదే కదండీ."

"మా నాన్నదీ అదే."

వాడు వస్తాడని నేననుకోలేదు. ఇలాంటివాళ్ళు రారు, మేనేజరు చెప్పిందే వేదం వీళ్ళకి. కానీ మూడు వారాలయ్యాక ఓ పొద్దున గుమ్మంలో నిలబడ్డాడు, టోపీ చేత్తో పట్టుకుని. నోరు విప్పక్కర్లేకపోయింది. అయినా విప్పి "రాలేదండి" అన్నాడు, అదే బొంగురుతో. తర్వాత అద్దం పెట్టి చూస్తే వాడిది ఉత్త వాపేనని తేలింది, గొంతు నొక్కి నొక్కి కాయ కాసింది. కానీ ఆ పొద్దున అది ఎవరికీ తెలీదు. 

నేను జాకెట్టు సూది కిందే వదిలేసి లేచాను. నాన్న అప్పటికే చొక్కా తొడుక్కుంటున్నాడు.

"నువ్వుండు. నే తీసుకెళ్తా. ఆ అద్దం దగ్గర ఏం చెయ్యాలో ఈడికి నేర్పాలి," అని వాడిని రిక్షా ఎక్కించి, పక్కన కూచున్నాడు. "నాలిక బయట పెట్టు. నా వైపు కాదు, ముందుకి. ఊపిరి నోటితో పీల్చు. ఇప్పుడు 'ఈ' అను."

"ఈ..."

"కత్తియుద్ధంలా కాదురా. మామూలుగా. ఈ..."

బాకాలు లేవు, బొమ్మల్లేవు. ఇద్దరు మగాళ్ళు, ఒకడు అప్పుడే మొలకలొస్తున్న గుండుతో, నాలికలు బయటపెట్టుకుని "ఈ... ఈ..." అనుకుంటూ భవానీపురం నడి రోడ్డు మీద రిక్షాలో వెళ్ళారు. ఒకటి ఖంగున, ఒకటి గరగరా. కిళ్ళీ బడ్డీ దగ్గర మగాళ్ళు పడీ పడీ నవ్వారు. ఈసారి చప్పట్లు మాత్రం కొట్టలేదు.